91 వచ్చిన గేమా, 76 వచ్చిన గేమా? రివ్యూ స్కోరుని ఎంతవరకు నమ్మాలి

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఆమదాలవలసలో ఉంటూ బీటెక్ చదువుతున్నావు. ట్యూషన్లు చెప్పి మూడు వేలు దాచుకున్నావు. రెండు గేములు చూసిపెట్టుకున్నావు. పెద్ద ఓపెన్ వరల్డ్ గేముకి రివ్యూ స్కోర్లు కలిపి చూపించే మెటాక్రిటిక్ సైటులో 91 ఉంది, పీసీ గేములు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ స్టోర్‌లో మాత్రం కొన్నవాళ్ళ అభిప్రాయం ‘మిక్స్‌డ్’ అని చూపిస్తోంది. కాస్త చిన్న గేముకి 76 ఉంది, స్టీమ్‌లో ‘వెరీ పాజిటివ్’. లాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు. 91 వచ్చినదే కొనెయ్యమని ఒక ఫ్రెండ్ అంటే, స్కోర్లన్నీ డబ్బులిచ్చి వేయించుకున్నవేనని ఇంకొకడు అన్నాడు.

ముందు జవాబు చెప్పేస్తాను. నీ లాప్‌టాప్‌కి, నీ మూడు వేలకి 76 వచ్చిన గేమే కొను. 91 వచ్చిన గేము చెడ్డదని కాదు. ఆ 91 నీ గురించి వేసిన మార్కు కాదు.

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర నాకు కంప్యూటర్ షాపు ఉంది. నెట్ సెంటర్లలో గంటకింత అని కట్టి కౌంటర్ స్ట్రైక్ ఆడిన రోజుల నుంచి ఈ లైన్లోనే ఉన్నాను. పీసీలు అసెంబుల్ చేస్తాను, లాప్‌టాప్‌లు బాగుచేస్తాను. "అన్నా, తొంభై పైన ఉంది కదేటి, కళ్ళు మూసుకుని కొనెయ్యొచ్చా?" అని అడగని కుర్రాడు ఉండడు. వాళ్ళకి ఎప్పుడూ చెప్పేదే నీకు కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆ నెంబరు ఎక్కడి నుంచి వస్తుందో ముందు చూడు. మెటాక్రిటిక్ 2001లో మొదలైంది. అది సొంతంగా గేములు ఆడి మార్కులు వెయ్యదు. రకరకాల పత్రికలు, సైట్లు ఇచ్చిన స్కోర్లన్నీ నూటికి మార్చి సగటు తీస్తుంది. ఆ సగటులో కొన్ని పత్రికలకి ఎక్కువ బరువు, కొన్నిటికి తక్కువ. ఎవరికి ఎంతో బయటికి చెప్పరు. 2015లో వచ్చిన ఓపెన్‌క్రిటిక్ అలాంటి బరువులు లేకుండా మామూలు సగటు తీస్తుంది, ఎంతమంది కొనమన్నారో కూడా పక్కనే చూపిస్తుంది. నన్నడిగితే రెండూ తెరిచి చూడాలి, రెండో దాంట్లో ఆ ‘కొనమన్నవాళ్ళ శాతం’ మీద ఎక్కువ దృష్టి పెట్టాలి.

చిక్కంతా నూటికి మార్చే దగ్గరే ఉంది. ఒక పత్రిక అయిదు స్టార్లకి మూడు ఇచ్చిందనుకో. ఆ రాసినాయన ఉద్దేశం ‘బాగుంది, ఈ రకం గేములు ఇష్టమైతే ఆడు’ అని. సగటులోకి వెళ్ళేసరికి అది 60 అయిపోతుంది. ఇంకో అమెరికన్ సైటు ‘ఏదో పర్వాలేదు’ అనే ఉద్దేశంతో పదికి 7 ఇస్తే అది 70. మెచ్చుకున్నవాడిది తక్కువ, పెదవి విరిచినవాడిది ఎక్కువ! రెండూ కలిపి సగటు తీస్తే వచ్చేది ఎవరి మాట?

మనం ఆ 70ని చదివే పద్ధతి కూడా వేరు. మన దగ్గర 35 వస్తే పాస్, 60 దాటితే ఫస్ట్ క్లాస్, 75 అంటే డిస్టింక్షన్. అమెరికా స్కూళ్ళలో చాలాచోట్ల 60 లోపు వస్తే ఫెయిల్, 70 అంటే బొటాబొటి. గేమ్ రివ్యూల స్కేలు చాలావరకు అక్కడి అలవాటు మీదే నడిచింది. అందుకే పెద్ద కంపెనీల గేముల్లో ఎక్కువ భాగం 65కీ 95కీ మధ్యే తిరుగుతుంటాయి. 50 లోపుకి పడిందంటే ఏదో పెద్ద లోపమే ఉందని అర్థం. నీ 76ని మన లెక్కలో డిస్టింక్షన్ అనుకోవద్దు, అలాగని పనికిరానిది అనుకోవద్దు. ‘కొన్ని లోపాలున్నాయి, ఈ రకం ఇష్టమైనవాళ్ళకి నచ్చుతుంది’ అని చదువుకో.

సగటు ఎంత మోసం చేస్తుందో తెలియాలంటే 2010లో వచ్చిన డెడ్లీ ప్రీమోనిషన్ చూడు. అమెరికాలో ఐజీఎన్ అనే రివ్యూ సైటు దానికి పదికి 2 ఇచ్చింది. డిస్ట్రక్టాయిడ్ అనే ఇంకో సైటు పదికి 10 ఇచ్చింది. సగటు అరవై చిల్లర దగ్గర తేలింది. ఆ గేము ఆడి ‘అరవై చిల్లర’ అనుకున్నవాళ్ళు ఎంతమంది ఉంటారు? ఆడినవాళ్ళలో కొందరికి అది ప్రాణం, మిగతావాళ్ళకి అరగంట కూడా భరించలేనిది. అలాంటి గేము కొనేముందు పనికొచ్చే ప్రశ్న ఒక్కటే: నేను ఆ 10 ఇచ్చినాయన లాంటివాడినా, 2 ఇచ్చినాయన లాంటివాడినా?

సినిమా విషయంలో మనకి ఈ తెలివి పుట్టుకతోనే ఉంటుంది. ఒక వెబ్‌సైటు 2.75 ఇచ్చిందంటే దాని అర్థమేమిటో, ఆ సైటు ఎవరి సినిమాకి ఎలా రాస్తుందో, మాస్ సినిమాకి ఇచ్చిన 2.75కీ ఫ్యామిలీ సినిమాకి ఇచ్చిన 2.75కీ తేడా ఏమిటో మన ఊళ్ళో ఎవరిని అడిగినా చెప్తారు. గేముల దగ్గరికి వచ్చేసరికి అదే మనిషి 91ని తిరుగులేని మాటగా తీసుకుంటాడు. కారణం, ఆ రాసేవాళ్ళు మనకి పరిచయం లేకపోవడమే. ఆ పరిచయం కష్టపడి పెంచుకోవాలి. అదెలాగో తర్వాత చెప్తాను.

ఒకట్రెండు మార్కుల తేడాని అస్సలు పట్టించుకోకు. ఫాల్అవుట్ న్యూ వేగస్ 2010లో వచ్చింది. మెటాక్రిటిక్‌లో 85 వస్తే దాన్ని తయారుచేసిన ఆబ్సిడియన్ స్టూడియోకి బోనస్ ఇస్తామని ఒప్పందం. వచ్చింది 84. బోనస్ రాలేదు. ఈ సంగతి 2012లో ఆ స్టూడియోలో పనిచేసిన క్రిస్ అవెలోన్ బయటపెట్టాడు. రాత్రింబవళ్ళు పనిచేసిన మనుషులకి ఆ ఒక్క మార్కు జీతంతో సమానం. ఆడేవాడికి 84కీ 85కీ తేడా ఉందా? ఇవాళ్టికీ ఆ గేముని నెత్తిన పెట్టుకునేవాళ్ళు ఉన్నారు. 60కీ 90కీ మధ్య తేడా నిజమైనదే, దాన్ని నమ్ము. 84కీ 91కీ మధ్య ఉన్న తేడాతో నీకు పనిలేదు.

ఇక అసలు సంగతి, యంత్రం. రివ్యూ రాసినవాళ్ళ పీసీ నీ పీసీ కాదు. సైబర్‌పంక్ 2077 కథ నీకు తెలిసే ఉంటుంది. 2020 డిసెంబర్ 10న విడుదలైంది. అంతకుముందు రివ్యూ రాసేవాళ్ళకి పీసీ కాపీలే ఇచ్చారు, కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే ప్లేస్టేషన్ లాంటి యంత్రం) కాపీలు ఇవ్వలేదు. దాంతో మొదటి రివ్యూల్లో స్కోర్లు తొంభై చుట్టుపక్కల వచ్చాయి. ఆ నెంబరు చూసి సోనీ వాళ్ళ పాత ప్లేస్టేషన్ 4 (పీఎస్4)లో ఆడదామని కొన్నవాళ్ళ దగ్గర గేము నత్తనడక నడిచింది, మధ్యలో ఆగిపోయింది. వారం తిరిగేసరికి సోనీ దాన్ని తన స్టోర్‌లోంచే తీసేసింది. మళ్ళీ 2021 జూన్‌లో గానీ పెట్టలేదు. రివ్యూ రాసినవాళ్ళు అబద్ధం చెప్పలేదు. వాళ్ళు చూసిన గేము వేరు, జనం కొన్న గేము వేరు. 2015లో బ్యాట్‌మన్ ఆర్కమ్ నైట్‌కి దీనికి ఎదురుగా జరిగింది. కన్సోల్‌లో బ్రహ్మాండంగా ఉంది, పీసీలో ఎంత ఘోరంగా నడిచిందంటే అమ్మకాలే కొన్ని నెలలు ఆపేశారు. అందుకే స్కోరు చూసేటప్పుడు అది పీసీదా, పీఎస్5దా అని విడివిడిగా చూడు. మెటాక్రిటిక్‌లో ఒక్కో దానికి వేరే స్కోరు ఉంటుంది.

నా షాపులో జరిగింది ఒకటి చెప్తాను, గేము పేరు వద్దులే. నరసన్నపేట కుర్రాడు, నీలాంటి లాప్‌టాపే, 4 జీబీ కార్డు. కన్సోల్‌లో బోలెడు మార్కులు తెచ్చుకున్న గేము పీసీకి వస్తే మొదటి రోజే కొనేశాడు. స్లోగా ఉందని నా దగ్గరికి పట్టుకొచ్చాడు. ఆన్ చేస్తే మొదటి స్క్రీన్‌లోనే ‘షేడర్లు’, అంటే బొమ్మకి వెలుగునీడలు గీసే చిన్న ప్రోగ్రాములు, తయారవుతున్నాయని ఒక గీత, దాని పక్కన శాతం. ఫ్యాను రొద పెడుతోంది, కీబోర్డు మీద చెయ్యి పెడితే చుర్రుమంటోంది, ఆ శాతం మాత్రం నలభై దగ్గర తచ్చాడుతోంది. సెట్టింగుల్లోకి వెళ్తే గ్రాఫిక్స్ మెమరీ ఎంత వాడుతోందో చూపించే పట్టీ అన్నీ ‘లో’లో పెట్టినా ఎర్రగానే ఉంది. అసలు గండం అది కాదు. స్టీమ్‌లో కొన్న పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బులు వెనక్కి అడగొచ్చు. ఆ షేడర్లు తయారయ్యే సమయం కూడా ‘ఆడిన సమయం’ కిందే లెక్కలోకి పోతోంది. బొమ్మ కదలకుండానే గంటన్నర దాటిపోయింది. అప్పటికప్పుడు గేము ఆపించి, ఫోన్లోంచే రిఫండ్ పెట్టించాను. డబ్బులు తిరిగి వచ్చాయి. ఇంకో అరగంట ఓపిక పట్టి ఉంటే ఆ డబ్బులకి నీళ్ళొదులుకోవలసిందే.

ఇంకొన్ని సంగతులు ఏ రివ్యూలోనూ కనపడవు. వాటిని నీకు నువ్వే వెతుక్కోవాలి.

మొదటిది కరెంటు. డెస్క్‌టాప్ ఉన్నవాళ్ళకీ, బ్యాటరీ చచ్చిన లాప్‌టాప్ ఉన్నవాళ్ళకీ ఇది చాలా ముఖ్యం. గాలివాన వస్తే మన పల్లెల్లో కరెంటు ఎలా ఉంటుందో నీకు చెప్పనక్కర్లేదు. తిత్లీ తుపాను అప్పుడు పలాస వైపు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నారో చూశాం. కాబట్టి గేము ఎప్పుడెప్పుడు సేవ్ అవుతుందో తెలుసుకో. 2018లో వచ్చిన కింగ్‌డమ్ కమ్ డెలివరెన్స్‌లో మొదట్లో మనంతట మనం సేవ్ చేసుకోవాలంటే గేములో ఒక రకం మందు సీసా సంపాదించాలి, లేదా మంచం వెతుక్కుని పడుకోవాలి. ఆ పద్ధతి వల్ల ఆటకి పదును వచ్చిందని మెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. గంటన్నర ఆడాక కరెంటు పోతే ఆ పదును మన గొంతుకే. తర్వాత అప్‌డేట్‌లో సేవ్ చేసి బయటికి వెళ్ళే సదుపాయం ఇచ్చారు, కరెంటు పోయేటప్పుడు అదీ అక్కరకు రాదు కదా.

రెండోది నెట్. ఒక్కడివే ఆడుకునే గేముకి కూడా ఎప్పుడూ నెట్ ఉండాలా? డౌన్‌లోడ్ ఎంత? ఇప్పుడొచ్చే పెద్ద గేములు నూరు జీబీ దాటడం మామూలైపోయింది. ఫోన్ హాట్‌స్పాట్ మీద, రోజుకి రెండు జీబీ ప్లానుతో నెట్టుకొచ్చేవాడికి అది రెండు నెలల పని. ఆన్‌లైన్ గేమైతే సర్వర్ ముంబయిలో ఉందా, సింగపూర్‌లోనా, ఇంకా దూరంలోనా చూసుకో. అమెరికాలో కూర్చుని 9 ఇచ్చినాయనకి పింగ్ (సర్వర్ దాకా వెళ్ళి రావడానికి పట్టే ఆలస్యం) బాధ ఉండదు.

మూడోది ఇంగ్లీషు. దీని గురించి మాట్లాడటానికి మన పిల్లలు సిగ్గుపడతారు, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. డిస్కో ఎలీజియం అనే గేముంది, 2019లో వచ్చింది. 2021లో వచ్చిన దాని ఫైనల్ కట్‌కి మెటాక్రిటిక్‌లో 97. అందులో దాదాపు పది లక్షల పదాలు ఉన్నాయని చెప్తారు. ఆట మొత్తం చదవడమే, అదీ తేలిక ఇంగ్లీషు కాదు. తెలుగు మీడియంలో పదో తరగతి చదివి ఇప్పుడిప్పుడే ఇంగ్లీషు పట్టు తెచ్చుకుంటున్న కుర్రాడికి ఆ 97 ఏం చెప్తుంది? ఓపికుంటే ఆడొచ్చు, ఇంగ్లీషు కూడా మెరుగుపడుతుంది. నాకు ఆ గేమంటే చాలా ఇష్టం. అయినా అది కొనమని ఎవరికీ కళ్ళు మూసుకుని చెప్పను. బాల్డర్స్ గేట్ 3 కూడా అంతే. 96 వచ్చింది, అందుకు తగ్గదే. కానీ జీటీఏలా పరిగెత్తి కాల్చే ఆట అనుకుని కొంటే, పాచికలు వేసుకుంటూ వంతులవారీగా ఆడే ఆట చూసి బిక్కమొహం వెయ్యాల్సి వస్తుంది.

స్టీమ్ శాతాల సంగతి. దీన్ని చాలామంది తప్పుగా చదువుతారు. స్టీమ్‌లో మార్కులు ఉండవు, నచ్చిందా లేదా అంతే. 90 శాతం పాజిటివ్ అంటే ఆ గేముకి నూటికి తొంభై మార్కులని కాదు. పదిమందిలో తొమ్మిదిమంది పర్వాలేదు అన్నారని. అందరికీ ఓ మాదిరిగా నచ్చిన గేముకి 95 వచ్చేస్తుంది. సగంమంది ప్రాణం పెట్టి, మిగతా సగంమంది తిట్టిన గొప్ప గేముకి 50 వస్తుంది. పైగా అక్కడ రాసేవాళ్ళు ఆ రకం గేము కావాలని డబ్బు పెట్టి కొన్నవాళ్ళు. యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 చూడు. 2012 గేము, విమర్శకుల సగటు 79. స్టీమ్‌లో మాత్రం నూటికి తొంభై అయిదు మందికి పైగా పాజిటివ్. లారీ తోలడం ఇష్టమైనవాళ్ళే కొంటారు, వాళ్ళకి అది స్వర్గం. మా షాపుకొచ్చే కుర్రాళ్ళు దాంట్లో ఆర్టీసీ బస్సు మోడ్ (ఆడేవాళ్ళే తయారుచేసి గేముకి జోడించేది) పెట్టుకుని గంటలు గంటలు తోలుతారు. పాత లాప్‌టాప్‌లోనూ నడుస్తుంది. విమర్శకులు 79 దగ్గర ఆగారని వాళ్ళకి ఏం నష్టం!

కోపంతో కుప్పలుగా వేసే నెగటివ్ రివ్యూలు కూడా ఉంటాయి. 2020 జూన్‌లో ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2 వచ్చినప్పుడు విమర్శకుల సగటు 93, మామూలు జనం స్కోరు మొదటి రోజే పదికి నాలుగు లోపు. అంత పెద్ద గేము పూర్తి చేసే టైమే లేదు, అయినా సున్నాలు వేశారు. ఆ తర్వాతే మెటాక్రిటిక్ విడుదలైన 36 గంటల దాకా జనం స్కోర్లు తీసుకోకూడదని రూలు పెట్టింది. అలాగని ప్రతి నెగటివ్ కుప్పనీ కొట్టిపారెయ్యకు. 2024 మేలో సోనీ వాళ్ళ హెల్‌డైవర్స్ 2 గేముకి స్టీమ్‌లో రెండు లక్షలకి పైగా నెగటివ్‌లు పడ్డాయి. ఆట బాగోలేక కాదు. పీసీలో ఆడేవాళ్ళు కూడా ప్లేస్టేషన్ అకౌంటు కలపాల్సిందే అన్నందుకు. ఆ సర్వీసే లేని దేశాలు చాలా ఉన్నాయి. జనం కోపంలో న్యాయం ఉంది, సోనీ వెనక్కి తగ్గింది. నెగటివ్ ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టకు, ఎందుకు పెట్టారో నాలుగు తెరిచి చదువు.

డబ్బులిచ్చి వేయించుకుంటారన్న మాటకి వస్తాను. పెద్ద సైట్లలో కవరు చేతికిచ్చి మార్కు వేయించుకోవడం అనేది నేను నమ్మను. ఒత్తిడి మాత్రం ఉంటుంది. గేమ్‌స్పాట్‌లో జెఫ్ గెర్స్‌ట్‌మన్ అనే ఆయన 2007లో కేన్ అండ్ లించ్ అనే గేముకి పదికి 6 ఇచ్చాడు. అప్పుడు ఆ సైటు నిండా ఆ గేము ప్రకటనలే. కొద్దిరోజుల్లో ఆయన ఉద్యోగం పోయింది. ప్రకటనలిచ్చే కంపెనీల ఒత్తిడిని పైవాళ్ళు తట్టుకోలేకపోయారని 2012లో ఆయనే చెప్పాడు. నిజాయితీగా రాసిన ఒక్క మాటకి ఎంత మూల్యమో చూడు. అందుకే అలా రాసేవాళ్ళని మనం గౌరవించాలి, అందరినీ ఒకే గాటన కట్టి అమ్ముడుపోయారనడం అన్యాయం. యూట్యూబ్‌లో మాత్రం జాగ్రత్త. డబ్బులు తీసుకున్న వీడియోకి ప్రకటన అని స్పష్టంగా రాయాలని మన దేశంలో ప్రకటనల మండలి ఆస్కీ 2021లోనే నియమం పెట్టింది. వీడియో కింద వివరణలో ఆ మాట ఉందేమో చూసి గానీ నమ్మకు.

ప్లే స్టోర్ స్టార్లని నేను లెక్కలోకే తీసుకోను. లెవెల్ గెలిచిన ఆనందంలో ఉండగా ‘రేటింగ్ ఇవ్వండి’ అని అడిగి వేయించుకున్నవే చాలా ఉంటాయి. ఎలాగూ ఫ్రీయే కాబట్టి ఆడి చూసుకోవచ్చు, లోపల కొనుగోళ్ళకి మాత్రం నాన్నగారి ఫోన్‌లో యూపీఐ కలపకు.

మరి నువ్వేం చెయ్యాలి? నీకు బాగా నచ్చిన మూడు గేములు, అందరూ పొగిడినా నీకు నచ్చని ఒక గేము గుర్తు తెచ్చుకో. ఆ నాలుగింటికీ రివ్యూ రాసినవాళ్ళని వెతుకు. నీకు నచ్చినవి నచ్చి, నచ్చనిది నచ్చనివాడు ఒక్కడు దొరికినా చాలు, ఆ ఒక్కడి మాట నూరుమంది సగటు కంటే నీకు ఎక్కువ పనికొస్తుంది. ఒక సాయంత్రం పట్టే పని, తర్వాత ఏళ్ళ తరబడి ఉపయోగపడుతుంది. ఆ మనిషి ఎన్ని మార్కులు వేశాడో చూడకు, ఏం రాశాడో చదువు. ‘నిదానంగా సాగుతుంది’ అని తిట్టాడనుకో, నీకు నిదానమే ఇష్టమైతే అది నీకు పొగడ్తే.

స్టీమ్‌లో పైనున్న మొత్తం శాతం కాకుండా ‘రీసెంట్’ అని ఉన్న గత ముప్పై రోజులది చూడు. గేము బాగుపడిందో పాడైందో అక్కడ తెలుస్తుంది. మెటాక్రిటిక్ స్కోరుకి ఈ సదుపాయం లేదు, విడుదలప్పటి మార్కే ఉండిపోతుంది. నో మ్యాన్స్ స్కై 2016లో తిట్లు తిని, ఏళ్ళ తరబడి ఉచిత అప్‌డేట్లతో బాగుపడి, 2024కి స్టీమ్‌లో ‘వెరీ పాజిటివ్’కి చేరింది. పీఎస్4 స్కోరు మాత్రం ఇప్పటికీ 71. తర్వాత నెగటివ్ రివ్యూల్లో నీ గ్రాఫిక్స్ కార్డు పేరు పెట్టి వెతుకు. ఒక్కో రివ్యూ పక్కన రాసినాయన ఎన్ని గంటలు ఆడాడో ఉంటుంది. పది ఇరవై గంటలు ఆడి తిట్టినవాడి మాటకి విలువ ఇవ్వు.

నీ 91 గేముకి స్టీమ్‌లో మిక్స్‌డ్ ఎందుకు పడిందో ఇలాగే చూడు. విమర్శకులు పొగిడి, కొన్నవాళ్ళు చీలిపోతే చాలాసార్లు కారణం పీసీలో సరిగ్గా నడవకపోవడమే. ఎల్డెన్ రింగ్ అంతటి గేముకి కూడా 2022లో విడుదలైన కొత్తలో పీసీలో గతుకులు పడుతోందని స్టీమ్‌లో మిక్స్‌డే వచ్చింది. నీ గేముదీ అదే బాధ అయితే 4 జీబీ కార్డుతో దాని జోలికి వెళ్ళకు. విష్‌లిస్టులో పెట్టి ఏడాది ఆగు. అప్‌డేట్లు వస్తాయి, వేసవి సేల్‌లోనో డిసెంబర్ సేల్‌లోనో ధర తగ్గుతుంది, ఈలోపు ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించుకోవచ్చు.

76 గేము కొన్నాక మొదటి రోజు గడియారం పక్కన పెట్టుకుని ఆడు. గంటా పదిహేను నిమిషాల దగ్గర ఆపి, ఇంకా ఆడాలనిపిస్తోందా, లాప్‌టాప్ తట్టుకుంటోందా చూసుకో. లేదంటే ఆ రోజే రిఫండ్ పెట్టెయ్. పీఎస్5 ఉన్న మీ ఫ్రెండ్‌కి మాత్రం ఇది వర్తించదని చెప్పు. ప్లేస్టేషన్ స్టోర్‌లో మామూలుగా డౌన్‌లోడ్ మొదలెట్టాక వెనక్కి ఇవ్వరు, అతను డిస్కు కొనుక్కోవడమే మేలు.

ఆ రెండు గేముల పేర్లు, నీ లాప్‌టాప్ మోడలు, లోపల ఎస్ఎస్‌డీ ఉందో పాత హార్డ్ డిస్కే ఉందో రాయి. హార్డ్ డిస్క్ అయితే ముందు మూడు వేల ఖర్చు దాని మీద పెట్టాల్సి రావచ్చు, చూసి చెప్తాను.